ఏ ఏడాది బండి, ఏ పంపు? పాత ట్రాక్టరు కొనేవాళ్లకు

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు అమ్ముడుపోయాయి. పత్తి డబ్బులూ కాస్త మిగిలాయి. ఏరువాక వచ్చేలోపు ఒక సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొనేస్తే, అదునులో బాడుగ బండి కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడే పని ఉండదని అనుకున్నారు. మంచి ఆలోచనే. నల్లరేగడికి పదును ఉండేది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో సొంత బండి ఉంటే ఎంత ధైర్యమో మీకు ఒకరు చెప్పక్కర్లేదు.

మరి బండి దగ్గరికి వెళ్లాక ఏం చూస్తారు? టైర్లు చూస్తారు. రంగు చూస్తారు. స్టార్ట్ చేసి పొగ చూస్తారు. స్టీరింగ్ పట్టుకుని రెండు చక్కర్లు కొడతారు. బేరం మొదలవుతుంది.

ఇంజన్ కింద చాంబరులో, ఆయిల్‌లో మునిగి, ఎవరి కంటికీ కనపడకుండా తిరిగే పంపు సంగతి ఎవరైనా అడుగుతారా? ఆయిల్‌ను జాలీ గుండా లాగి, ఫిల్టరు మీదుగా క్రాంకు బేరింగులకు, పైన రాకర్ల దాకా పంపేది అదే. అది సరిగ్గా తోయకపోతే బేరింగులు ఎండిపోతాయి. ఇంజన్ పట్టేయడానికి గంటలు అక్కర్లేదు, నిమిషాలు చాలు. తర్వాత క్రాంకు గ్రైండింగు, బేరింగులు, ఒక్కోసారి బ్లాకుకే బోరింగు. ట్రాక్టరు కొన్న డబ్బులో పెద్ద ముక్క మళ్లీ ఆటోనగర్‌లో పెట్టాల్సి వస్తుంది. పైగా అదును పోతుంది. అందుకే కొనకముందే కాస్త ఓపిక పట్టి ఈ ఒక్క సంగతి తేల్చుకోమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఊళ్లో అడిగితే తీర్పు ఒక్క ముక్కలో వస్తుంది: "ఆ కంపెనీ బండి వద్దు." అక్కడే చాలామంది మోసపోతారు. కంపెనీ మొత్తం, మోడల్ మొత్తం చెడ్డదవడం అరుదు. కొన్నేళ్ల పాటు తయారైన బండ్లలో, ఒక రకం ఇంజన్‌లో, ఒక భాగం బలహీనంగా ఉంటుంది. తర్వాత కంపెనీ దాన్ని మారుస్తుంది. పేరు మాత్రం అదే ఉంటుంది.

దీనికి మన పక్కనే పుట్టిన ఉదాహరణ ఉంది. అమెరికాలో అమ్మిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ కార్లు చెన్నై దగ్గరి ఫ్యాక్టరీలో తయారై ఓడలెక్కినవి. 2023 డిసెంబరులో అక్కడ దాదాపు 1,40,000 కార్లను ఆయిల్ పంపు బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు గురించి వెనక్కి పిలిచారు. ఏవి? 2018 నుంచి 2022 మోడళ్ల ఎకోస్పోర్ట్, 2016 నుంచి 2018 మోడళ్ల ఫోకస్. వాటిలోనూ ఒక లీటరు ఇంజన్ ఉన్నవి మాత్రమే. అదే ఎకోస్పోర్ట్‌లో రెండు లీటర్ల ఇంజన్ ఉన్నవాటికి ఆ పిలుపు లేదు. కాబట్టి మీరు అడగాల్సింది "ఎకోస్పోర్ట్ మంచిదా?" అని కాదు. "ఏ ఏడాది, ఏ ఇంజన్, ఏ భాగం?" అని. ట్రాక్టరుకూ ఈ మూడు ప్రశ్నలే. కార్లకున్నట్టు తయారైన జాబితా మన ట్రాక్టర్లకు చేతికి దొరకదు కాబట్టి మనమే తయారు చేసుకోవాలి. ఎలా?

1. ముందు బండి అసలు వయసు తేల్చండి

"2016 బండి అన్నా" అంటాడు అమ్మేవాడు. రిజిస్ట్రేషన్ 2016లో అయి ఉండొచ్చు. తయారైంది 2015లో కావచ్చు. షోరూము ఆవరణలో ఎండకీ వానకీ నెలల తరబడి నిలబడ్డ బండ్లు ఉంటాయి. పంపు మారిన ఏడాదికి అటుందా ఇటుందా అన్నది రిజిస్ట్రేషన్ తేదీ చెప్పదు, తయారైన నెల చెబుతుంది. ఆ నెల, ఏడాది ఆర్సీ మీద ఉంటాయి. బండికి కొట్టిన రేకు మీదా చూడండి. రెండూ కలవాలి. చాసిస్ నెంబరు, ఇంజన్ నెంబరు కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఈ రెండు నెంబర్లు లేకుండా తర్వాతి పని ఒక్కటీ సాగదు.

నెంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఏపీ 07 అంటే ఉమ్మడి గుంటూరు, ఏపీ 27 అంటే ప్రకాశం, ఏపీ 16 అంటే కృష్ణా. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. అంటే పాత జిల్లా నెంబరు ఉన్న బండి ఆ మార్పుకు ముందుదన్నమాట. ఏపీ 39 ఉంటే ఆ తర్వాతది, కానీ ఏ జిల్లాదో ప్లేటు చూసి చెప్పలేరు. ఆ సంగతి ఎందుకు కావాలో నాలుగో మాటలో చెబుతాను.

ఇంజన్ నెంబరు మీద సుత్తి దెబ్బలు, కొత్త రంగు పూత కనిపిస్తే అక్కడే ఆగండి. ఇంజన్ మార్చిన బండి అయితే ఆర్సీ మీది ఏడాదికి, లోపలున్న పంపుకు సంబంధమే ఉండదు.

2. స్పేర్ పార్టుల కౌంటరు దగ్గర పది నిమిషాలు నిలబడండి

ఈ అధ్యాయం మొత్తంలో ఒక్కటే చెయ్యగలనంటే, ఇది చెయ్యండి. ఎవరూ చెయ్యని పని ఇదే.

బండి ఏ కంపెనీదో ఆ కంపెనీ స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లండి. నరసరావుపేట అయినా, చిలకలూరిపేట అయినా, ఒంగోలు అయినా సరే. చాసిస్ నెంబరు చూపించి ఇలా అడగండి: "ఈ బండికి ఇంజన్ ఆయిల్ పంపు ఏ నెంబరుది పడుతుంది? దీనికి ముందు ఏళ్ల బండ్లకు ఇదే పడుతుందా, వేరేదా?" కంపెనీ కేటలాగులో ఒక్కో భాగానికి ఒక్కో నెంబరు ఉంటుంది. భాగం మారినప్పుడు ఏ చాసిస్ నెంబరు దాకా పాతది, ఎక్కడి నుంచి కొత్తది అన్నది అందులోనే రాసి ఉంటుంది. కంపెనీ ఒక పంపు నెంబరును తీసేసి దాని బదులు కొత్త నెంబరు ఇచ్చిందంటే, ఆ హద్దు దగ్గర ఏదో జరిగిందని అర్థం. అన్నిసార్లూ పాతది చెడ్డదని కాదు. సరఫరాదారు మారినా, ఖర్చు తగ్గించుకోవడానికైనా నెంబరు మారుతుంది. కానీ మెకానిక్‌ను ఏ ఏడాది గురించి అడగాలో మీకు దొరికిపోయింది.

రెండో ప్రశ్న ఇంకా సూటిది: "అన్నా, మీ దగ్గర ఈ మోడల్‌కి పంపులు ఎక్కువ పోతాయా, బేరింగు సెట్లు ఎక్కువ పోతాయా?" కౌంటరు వెనక ఏళ్ల తరబడి కూర్చున్న మనిషి కంప్యూటరు చూడకుండానే చెబుతాడు. పంపు ఒక్కటే ఎక్కువ అమ్ముడుపోతుంటే పంపు మీద అనుమానం. పంపు, బేరింగులు, క్రాంకు అన్నీ కలిపి పోతుంటే ఆయిల్ మార్చని ఓనర్ల మీద అనుమానం.

దుకాణంలో రద్దీ లేని వేళ వెళ్లండి. ఒక ఆయిల్ ఫిల్టరు కొనండి. ఎలాగూ కావాలి, మాట కలపడానికీ పనికొస్తుంది.

3. ముగ్గురు మెకానిక్‌లను విడివిడిగా అడగండి

ఒకరి మాట మీద నిలబడొద్దు. ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగినా లాభం లేదు, మొదటివాడు చెప్పిందే మిగతా ఇద్దరూ అంటారు. ఆ మోడల్ ఇంజన్లు దింపి కట్టిన చేతులనే వెతకండి. "ఇది మంచి బండేనా?" అని అడిగితే "బాగానే ఉంటది" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. ఇలా అడగండి:

"మీ షెడ్డుకి వచ్చిన ఈ మోడల్ ఇంజన్లు దేనివల్ల పట్టేశాయి?"

"పంపు గేర్లు అరిగాయా, జాలీ మూసుకుపోయిందా, రిలీఫ్ వాల్వు స్ప్రింగు పోయిందా?"

"ఏ ఏళ్ల బండ్లు?"

ముగ్గురి నోటా ఒకే ఏళ్లు, ఒకే భాగం వస్తే అది నమ్మదగ్గ మాట. కౌంటరులో విన్న హద్దుతో కూడా కలిస్తే ఇంక చెప్పేదేముంది? ఆ ఏళ్ల బండి వదిలేయండి. లేదంటే కొత్త నెంబరు పంపు వేయించే ఖర్చు బేరంలో తగ్గించండి.

తప్పు పంపుదేనా అన్నది మాత్రం తరచి అడగాలి. నిస్సాన్ 370జెడ్ అనే స్పోర్ట్స్ కారుంది. 2009 మోడల్‌గా వచ్చింది. తొలి ఏళ్ల బండ్లలో ఆయిల్ ప్రెషరు పడిపోయేది. అలాంటప్పుడు ముందు అనుమానం పంపు మీదకే వెళుతుంది. అసలు దోషం ఇంజన్ ముందు భాగంలో ఆయిల్ దారులను మూసే కాగితపు గ్యాస్కెట్లది. అవి చిరిగితే పంపు తోసిన ఆయిల్ పక్కదారి పట్టేది. తర్వాత లోహం కలిపిన గ్యాస్కెట్లు వచ్చాయి. మన షెడ్లలోనూ ఇదే కథ: పంపు మార్చినా ప్రెషరు రాదు, ఎందుకంటే అరిగింది బేరింగులు.

4. ఆ బండి ఎక్కడ, ఏ పని చేసిందో తెలుసుకోండి

ఒకే నెలలో తయారైన రెండు బండ్లున్నాయి అనుకుందాం. ఒకటి రేపల్లె వైపు వరి మాగాణుల్లో కేజ్ వీల్స్ వేసుకుని దమ్ము చేసింది. రెండోది సత్తెనపల్లి వైపు పత్తి చేలల్లో దుక్కి దున్ని, పత్తి కట్టె మీద రోటవేటరు తిప్పింది. రెండింటి అరుగుదలా ఒకేలా ఉంటుందా?

దమ్ము బండికి నీళ్ల భయం. వెనక ఇరుసు సీళ్ల గుండా నీళ్లు, బురద హౌసింగులోకి వెళితే గేరు ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది. మెట్ట బండికి దుమ్ము భయం. ఎయిర్ క్లీనరు గిన్నెలో ఆయిల్ మార్చకుండా మాఘం, ఫాల్గుణం ఎండల్లో దున్నితే ఆ దుమ్మే సిలిండరు దాటి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. పంపు గేర్లను నూరేది అదే.

మిర్చి రైతు దగ్గర కొనే బండికి ఇంకో సంగతి ఉంది. మందు కొట్టే పంపు పెట్టి, గట్టు మీద నిలబెట్టి గంటల తరబడి నడిపి ఉంటారు. బండి అంగుళం కదలదు, ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పాత రకం గంటల మీటర్లు ఒక నిర్ణీత వేగం దగ్గరే గంటకు గంట లెక్కిస్తాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే మీటరూ నెమ్మదిగా తిరుగుతుంది. కాబట్టి మీటరు చూపే అంకె కన్నా ఇంజన్ ఎక్కువసేపే పని చేసి ఉండొచ్చు.

ఏపీ 39 బండి అయితే జిల్లా ప్లేటు చెప్పదు కాబట్టి మొదటి ఓనరు ఊరు ఏదో ఆర్సీలో చూడండి. వీలైతే ఆ ఊరికి ఫోన్ కొట్టండి.

5. చల్లగా స్టార్ట్ చేయించండి, వేడెక్కాక కొలవండి

పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. బానెట్ తెరిచి ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందా? మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా కూర్చోండి, టీ తాగండి.

తాళం తిప్పి, స్టార్ట్ చెయ్యకుండా ఆగండి. ఆయిల్ గుర్తున్న ఎర్ర లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు తీసేశారో, వైరు తెంపేశారో. స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో అది ఆరిపోవాలి. ఆరిందని సంతోషపడకండి. ప్రెషరు బాగా పడిపోతే తప్ప ఆ లైటు వెలగదు. అది వెలిగేసరికి ఆలస్యమైపోయినట్టే.

చల్లటి ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన పంపు కూడా మంచి ప్రెషరు చూపిస్తుంది. బేరగాళ్లు గేజీ చూపించేది అప్పుడే. మీరు చూడాల్సింది వేడి మీద.

"కంపెనీ ఇంజనే బాబాయ్, ఇంతవరకూ స్పానరు పెట్టలేదు" అంటాడు బండి అమ్మే కుర్రాడు.

"సంతోషం అబ్బాయ్. ఆ చేలో ఒక గంట నాగలి వేసి చూద్దాం, డీజిలు డబ్బులు నేనిస్తా" అనండి.

ఆ మాటకు వాడి మొహం ఎలా మారుతుందో చూస్తే సగం జవాబు అక్కడే వస్తుంది. గంట దున్నాక బండి ఆపకుండా స్లోలో పెట్టండి. వెంట తీసుకెళ్లిన మెకానిక్ చేత ప్రెషరు స్విచ్ విప్పించి, అక్కడ విడి గేజీ బిగించి చూడండి. డాష్‌బోర్డు గేజీని నమ్మొద్దు, అది ఎవరైనా మార్చేయగలరు. చాలా మోడళ్లకు ముతక లెక్క ఇది: బాగా వేడెక్కాక స్లోలో ఒక కేజీకి తగ్గకూడదు, రేజ్ చేస్తే మూడు కేజీల చుట్టుపక్కలకి లేవాలి. మీ మోడల్‌కి కంపెనీ పుస్తకంలో ఉన్న అంకె ముందే కనుక్కుని వెళ్లండి.

తక్కువ చూపిస్తే వెంటనే పంపు మీద పెట్టకండి. డిప్‌స్టిక్ లాగి వాసన చూడండి. డీజిలు వాసన వచ్చి, మట్టం కూడా గుర్తుకన్నా పైకి ఉంటే, డీజిలు లీకై ఆయిల్‌లో కలుస్తోంది. పల్చబడ్డ ఆయిల్‌కి ప్రెషరు ఎలా వస్తుంది? తర్వాత జాలీ, రిలీఫ్ వాల్వు, బేరింగులు, పంపు. మెకానిక్‌ను ఈ వరసలో చూడమనండి. ఆయిల్ మరీ జిగురుగా, తేనెలా సాగుతుంటే అది ప్రెషరు పెంచి చూపడానికి పోసిన చిక్కటి సరుకు.

6. చాంబరు అడుగున ఏముందో చూడండి

బయానా ఇచ్చేముందు ఓనరు ఒప్పుకుంటే ఫిల్టరు విప్పించండి. లోపలి కాగితాన్ని కోసి, మడతలు విప్పి ఎండలో పట్టుకోండి. రాగి రంగు తళుకులు కనిపిస్తే బేరింగు పై పొర పోయి లోపలి పొర బయటపడింది. అయస్కాంతానికి అంటుకునే నలుసులు ఉంటే గేర్లో, క్రాంకో, ఏదో ఇనుము అరుగుతోంది. కొత్తగా మెరిసిపోయే ఫిల్టరు ఉంటే "పాతది ఎప్పుడు, ఎందుకు మార్చారు?" అని అడగండి.

ఇంజన్ ఒకసారి కట్టారని తెలిస్తే "క్రాంకు ఏ సైజులో ఉంది?" అని అడగడం మరిచిపోకండి. స్టాండర్డ్ అయితే సరే. 10, 20 దాటి 30 సైజుకు వచ్చేసిందంటే చాలా ఇంజన్లలో ఇంకోసారి గ్రైండింగుకు చోటు లేనట్టే.

7. హైడ్రాలిక్ పంపు వేరు, మరిచిపోకండి

"ఆయిల్ పంపు పోయింది" అని ఊళ్లో అన్నప్పుడు సగంసార్లు అది లిఫ్టు పంపు గురించే. కలిపి వింటే మీరు తయారు చేసుకున్న జాబితా మొత్తం తప్పవుతుంది. ఏ పంపో అడిగి రాసుకోండి. పరీక్ష తేలిక. రోటవేటరు తగిలించి, వేడి మీద ఎత్తండి. చల్లగా ఎత్తి, వేడెక్కాక మొరాయిస్తే పంపు అరిగింది. ఎత్తాక ఇంజన్ ఆపితే గబగబా దిగిపోతోందా? అది చాలావరకు సిలిండరు సీళ్లు, వాల్వుల తప్పు. కూతలాంటి శబ్దం వస్తే జాలీ మూసుకుపోయిందో, గాలి పీలుస్తోందో.

8. కాగితాలు

ఫైనాన్సు తీరిందా, ఫారం 35 చేతిలో ఉందా, 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టారా, ట్రాలీకి విడిగా ఆర్సీ ఉందా. ఇవి మీకు తెలిసినవే.

అన్నట్టు, ఈ పుస్తకం డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మీ అబ్బాయి చేతికి వెళితే వాడికీ ఒక మాట. అక్కడ మన కుర్రాళ్లు ఉద్యోగం రాగానే పాత మస్టాంగ్ మీద మనసు పడతారు. 2011 మోడల్ నుంచి మస్టాంగ్ జీటీలో వచ్చిన 5.0 లీటర్ల ఇంజన్‌లో పంపు గేర్లు లోహపు పొడిని అదిమి చేసినవి. మామూలుగా నడిపితే ఏళ్ల తరబడి నడుస్తాయి. సూపర్‌చార్జరు తగిలించి, ఆఖరి వేగం దాకా పదేపదే లాగిన బండ్లలో పగిలిపోతాయి. కాబట్టి బాబూ, ఏడాదితో పాటు పాత ఓనరు దానికి ఏమేం తగిలించాడో కూడా అడుగు. ఏడాది ఎలా తెలుస్తుందంటే, 17 అక్షరాల చాసిస్ నెంబరులో పదోది చూడు: ఎ అంటే 2010, బి అంటే 2011, అలా వెళ్లి జె అంటే 2018, ఎల్ అంటే 2020. ఐ, ఓ, క్యూ వాడరు. అసలు తయారైన నెల డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద ఉంటుంది. ఆ నెంబరే అక్కడి రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే, రిపేరు చేయించకుండా వదిలేసిన రీకాల్ ఏదైనా ఉందో లేదో తెలిసిపోతుంది. ఈ పదో అక్షరం లెక్కను ఇక్కడి ట్రాక్టరుకు గుడ్డిగా పెట్టకండి. ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి పాటిస్తుంది.

ఇన్నీ చూసి బండి కొన్నారు. ఇంటికి తెచ్చారు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించారు. మరుసటి రోజే చేలోకి దించేయకండి. వేడి మీద ఆయిల్ దించేసి, చాంబరు విప్పించి, జాలీ డీజిలుతో కడిగించండి. కొత్త ఫిల్టరు, కంపెనీ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్ వేయించండి. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార ప్రమాణాలు వచ్చాయి. అలాంటి బండికి పాత బండికి పోసిన ఆయిలే పోయకుండా డబ్బా మీది గ్రేడు చదివి తీసుకోండి. ఫిల్టరు నిండా ఆయిల్ పోసి బిగించాలి. డీజిలు ఆపే లివరు లాగి పట్టుకుని కాసేపు సెల్ఫు కొట్టించి, గేజీ ముల్లు కదిలాకే స్టార్ట్ చెయ్యండి. ఆ రోజు గంటల మీటరు అంకెను మడ్‌గార్డు లోపలి వైపు రంగుతో రాయించండి. చాలా మోడళ్లకు 250 గంటల చుట్టుపక్కల మళ్లీ ఆయిల్ మార్చాలి. మీ పుస్తకంలో తక్కువ రాసి ఉంటే అదే పాటించండి. మందు పంపు మీద, దుమ్ములో ఎక్కువ నడిస్తే ఇంకాస్త ముందే మార్చండి.